పదకొండో ప్రశ్న

ఆదివారం మధ్యాహ్నం. వంటగది బల్ల దగ్గర బావా, బావమరిదీ. పక్కగదిలో ఇస్త్రీపెట్టె చప్పుడు. రేపు పదింటికి కోర్టు.

"కూర్చుని కాదురా, లేచి నిలబడి అడుగు. వకీళ్ళు కూర్చుని అడగరు."

"మోకాలు నొప్పి బావా. ఇందాకట్నుంచి నాలుగుసార్లు లేచాను."

"వాళ్ళ వకీలుకి మోకాలు నొప్పి ఉండదు. లే. ఏడో ప్రశ్న నుంచి."

"ఏడు... ఇది ఏడా, ఒకటా? నీ ఎడమచేతి రాత నాకు అంతుబట్టట్లేదు."

"ఏడే. ఆ చెయ్యి రాయడం మొదలుపెట్టి రెండేళ్ళే అయింది, దాని వయసుకి అది బాగానే రాస్తోంది. చదువు."

"'మీరు ఆ ప్రెస్సులో ఎన్నేళ్ళు పనిచేశారు?'"

"ఇరవై రెండేళ్ళండయ్యా."

"అయ్యా గియ్యా అనకూడదని నువ్వే అన్నావు."

"నల్లకోటు కనపడితే నోట్లోంచి అదే వస్తుంది. సరే, ఇరవై రెండేళ్ళు."

"'ఇరవై రెండేళ్ళూ కటింగ్ మిషను మీదేనా?'"

"మొదటి మూడేళ్ళు కాగితాల కట్టలు మోశాను. తర్వాత పందొమ్మిదేళ్ళూ కటింగే."

"'పందొమ్మిదేళ్ళ అనుభవం ఉండి కత్తి కింద చెయ్యి ఎందుకు పెట్టారు?'"

"అభ్యంతరం."

"నువ్వు అభ్యంతరం చెప్పకూడదు బావా, జవాబు చెప్పాలి."

"నా కేసుకి వకీలునీ నేనే, సాక్షినీ నేనే. బోనులో నిలబడి కూడా చెప్పొచ్చు. కోర్టు గుమాస్తాని అడిగాను. ఆయన నవ్వాడు గానీ కాదనలేదు."

"జడ్జిగారూ నవ్వుతారు."

"నవ్వనీ. పోయినసారి అడిగారు కదా, 'మీ సాక్ష్యం మీరెలా చెప్తారు, బయట నిలబడి ప్రశ్న అడిగి, బోనెక్కి జవాబు చెప్తారా' అని. కోర్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆయనే అన్నారు, ప్రశ్నలు అక్కర్లేదు, జరిగింది జరిగినట్టు చెప్పండి, ఆపైన వాళ్ళ వకీలు అడిగినవాటికి జవాబివ్వండి అని. మంచాయనే."

"వకీలుని పెట్టుకోమని కూడా అన్నారు."

"మూడుసార్లు అన్నారు. నేనూ మూడుసార్లూ వద్దన్నాను. ఊ, నీ ప్రశ్న."

"చెయ్యి ఎందుకు పెట్టావు?"

"పెట్టారు అను. వాళ్ళ వకీలు నన్ను నువ్వనడు. కాగితాల దొంతర వంకర లేకుండా సర్దాలంటే చెయ్యి పెట్టాల్సిందే. పెట్టినా ఏమీ కాదు. ఆ మిషనుకి రెండు బటన్లు, కుడిచేతికి ఒకటి, ఎడమచేతికి ఒకటి. రెండూ ఒకేసారి నొక్కితేనే కత్తి దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉన్నప్పుడు కత్తి కింద ఇంకే చెయ్యి ఉంటుంది? అందుకే మిషను చేసినవాళ్ళు అలా చేశారు."

"'మరి ఆ రోజు ఎలా దిగింది?'"

"కుడి బటను ముందే ఇరికించి ఉంది. నొక్కింది నొక్కినట్టే ఉంది, పైకి రాలేదు. నా కుడిచెయ్యి దొంతర మీద ఉంది. దొంతర బరువుకి ముందుకి వంగాను, ఎడమచెయ్యి ఆసరాకి రెండో బటను మీద పడింది. అంతే. నాలుగు వేళ్ళు."

"బొటనవేలు మిగిలిందని కూడా చెప్పు."

"వాళ్ళకి కనపడుతుందిలే. ఇంకా?"

"తొమ్మిది. 'బటను ఇరికించడం ఆ ప్రెస్సులో మామూలేనా?'"

"మామూలే. రోజుకి ఇన్ని కట్టలు కొయ్యాలని గోడమీద రాసిపెట్టారు. రెండు చేతులతో నొక్కుకుంటూ కూర్చుంటే అందులో సగం కూడా కావు. ఒక బటను ఇరికిస్తే ఒక చెయ్యి ఖాళీ. మేనేజరు చూసేవాడు, చూసి అటు తిరిగేవాడు. అందుకని మాలో మేం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. బటను ఎవరు ఇరికించినా పక్కనున్న పిడికి ఎర్ర గుడ్డ కట్టాలి. గుడ్డ ఉంటే ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. గుడ్డ లేకపోతే మిషను మామూలుగా ఉన్నట్టు. పదిహేనేళ్ళలో ఒక్కడికి గోరు కూడా తెగలేదు. ఆ రోజు గుడ్డ లేదు. నేను చూశాను. చూశాకే చెయ్యి పెట్టాను. ఆ కట్టుబాటు పెట్టిందే నేను, నాకు తెలీదా."

"ఆ చివరి మాట అనకు."

"ఏం?"

"కట్టుబాటు నువ్వే పెట్టావంటే, బటను ఇరికించడం కూడా నువ్వే నేర్పావంటారు."

"ఇది బాగుంది. రాసుకో, రాసుకో. నువ్వు వకీలు అవ్వాల్సినోడివిరా, కాగితాల్లో పడ్డావు."

"నువ్వే కదా పడేశావు."

"నేనే. చెయ్యి పట్టుకుని నేర్పాను. ఇప్పుడు ఆ మిషను మీద నువ్వే ఉన్నావు. బయటివాడెవడో ఉంటే కడుపు రగిలేది, నువ్వుండబట్టి సరిపోయింది. పది చదువు."

"'ఆ రోజు మీరు మిషను వదిలి ఎక్కడికైనా వెళ్ళారా?'"

"ఆఫీసుకి. మేనేజరు పిలిచాడు. పావుగంట. తిరిగొచ్చి చెయ్యి పెట్టాను."

"పన్నెండు. 'ప్రమాదం తర్వాత యజమాని మిమ్మల్ని ఆస్పత్రికి...'"

"పదకొండేది?"

"ఆఁ?"

"పది అయ్యాక పన్నెండా? పొద్దున కూడా ఇలాగే దాటేశావు."

"కనపడలేదు బావా. కొట్టేశావేమో అనుకున్నాను."

"కొట్టెయ్యలేదు, కింద గీత పెట్టాను. ఇలా తే. 'మీరు ఇరికించకపోతే ఇంకెవరు ఇరికించారు?' ఇదే అసలు ప్రశ్న. మిగతా ఇరవై ఊరికే."

"దానికి నీ దగ్గర జవాబు లేదు కదా."

"లేదు."

"మరి అడిగించుకుని లాభమేంటి?"

"రేపు నాకు జవాబు లేదని వాళ్ళు వదిలేస్తారా? యజమాని అంటున్నది ఒక్కటే, తన వేళ్ళు తనే తెగ్గోసుకుని నా మీద పడ్డాడు అని. అదే తేలితే నాకు పైసా రాదు, అది వేరే సంగతి. పందొమ్మిదేళ్ళు పక్కవాడి చెయ్యి కాసినవాణ్ణి, నా చేతకానితనం వల్ల నా చెయ్యి పోయిందని కోర్టు కాగితం మీద రాస్తారు. అది నేను తట్టుకోలేను. అది నా తప్పు కాదని ఒక్క జడ్జి అంటే చాలు నాకు."

"ఏమండీ, ఎడమచేతి మణికట్టు దగ్గర గుండీ తీసేసి ఒత్తుడు గుండీ కుట్టాను. రేపు కుడి బొటనవేలితోనే ఒత్తుకోవచ్చు. చూసుకుంటారా?"

"నువ్వు కుట్టాక చూసేదేముంది. పొడుగుచేతుల చొక్కానే కదా?"

"అదే. పొట్టిచేతులది వేసుకుంటే జాలి కోసం వేసుకొచ్చారంటారని మీరే అన్నారుగా."

"విన్నావురా? మీ అక్కకి ఉన్న తెలివి మొదట్లో మనం పెట్టుకున్న వకీలుకి ఉంటే ఈ పాటికి కేసు తేలిపోయేది. వాడు ఫైలు తిరగ్గొట్టినప్పుడు నేను మంచమెక్కాను. ఇంక వదిలేద్దాం అన్నాను. మీ అక్కే అంది, మీ కేసు మీకు తెలిసినంత ఎవరికి తెలుసు, మీరే వాదించుకోండి అని. రెండునెలలు నాకు ఎడమచేత్తో అక్షరాలు దిద్దించింది, అర్జీ నేనే రాసుకోవాలని."

"అక్క... అక్క మంచిదే."

"అదేం మాటరా, పక్కింటావిడ గురించి చెప్పినట్టు."

"వకీలు సంగతి ఇప్పుడెందుకు బావా."

"ఎందుకంటే మొదట్లో ఆయనే చెప్పాడు ఈ పదకొండో ప్రశ్న గురించి. 'ఆ షిఫ్టులో తొమ్మిదిమంది ఉన్నారు. బటను వాళ్ళలో ఎవరు ఇరికించినా ఫర్వాలేదు, యజమాని కింద పనివాడే కాబట్టి బాధ్యత యజమానిదే. కానీ ఎవరో ఒకరని తేలాలి. తొమ్మిదిమందినీ ఒక్కొక్కళ్ళనే బోనెక్కిస్తాను, నిజం అదే బయటికొస్తుంది' అన్నాడు. ఎంత నమ్మకంగా అన్నాడు. వారం తిరక్కుండా ఫైలు మీ అక్క చేతికిచ్చి పంపేశాడు. నా మొహం చూడ్డానికి కూడా మొహం లేక. యజమాని ఎంతకి కొన్నాడో."

"కొన్నాడని నువ్వు అనుకుంటున్నావు."

"ఇంకేంటి? అయినవాడిలా పక్కన కూర్చుని అన్నీ విని అటు వెళ్ళి అమ్ముకున్నాడు. ఇంటిదొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడని ఊరికే అన్నారా. కోర్టు గేటు దగ్గర కనపడితే నడిరోడ్డు మీద కడిగేశాను. ఏదో చెప్పబోయాడు, నేను చెప్పనిస్తేగా. మీ అక్క నా చెయ్యి పట్టి లాక్కొచ్చింది. లేకపోతే కొట్టేవాణ్ణి, ఎడమచేత్తోనే."

"కొంచెం టీ తాగి మళ్ళీ మొదలుపెడదామా?"

"పదకొండు అయ్యాక తాగుదాం. ఏంట్రా నువ్వు, పొద్దుట్నుంచీ తేలు కుట్టిన దొంగలా మెలికలు తిరుగుతున్నావు. ఉద్యోగం గురించి భయమా? నిన్ను సాక్షిగా పిలవనని చెప్పానుగా. జాబితాలో ముందు నీ పేరే రాశాను, మళ్ళీ నేనే కొట్టేశాను. నువ్వొచ్చి ప్రెస్సులో అందరూ బటను ఇరికిస్తారు, మేనేజరుకి తెలుసు అని ఒక్కమాట చెప్తే నాకు కొండంత బలం. కానీ మర్నాడు నిన్ను పంపించేస్తారు. నా చెయ్యి పోయింది చాలు, నీ పొట్ట కూడా కొట్టాలా అని ఊరుకున్నాను. మీ అక్క కూడా వద్దంది."

"తెలుసు బావా."

"తెలిస్తే నాకు ఈ ఒక్క సాయం చెయ్యి. వాళ్ళ వకీలు ఎలా అడుగుతాడో అలా అడుగు. వాడు నన్ను బుజ్జగించడు. అబద్ధాలకోరు అంటాడు. అను. రేపు అక్కడ మొదటిసారి వింటే నోరు పడిపోతుంది నాకు. ఇక్కడే పడిపోనీ."

"'బటను ఇరికించింది మీరే.'"

"కాదు."

"'మీరే.'"

"పాలవాడిలా అడుగుతావేంటి? గట్టిగా."

"'మీరేనండీ. ఆఫీసులో ఆలస్యమైంది, పని పేరుకుపోయింది. తొందరలో అట్టముక్క నాలుగు మడతలు పెట్టి బటను సందులో దోపారు. గుడ్డ కట్టడం మర్చిపోయారు. మర్చిపోయి, చెయ్యి పోగొట్టుకుని, ఇప్పుడు ఆ తప్పు తెచ్చి మా యజమాని నెత్తిన రుద్దుతున్నారు. అవునా కాదా?' ఎలా ఉంది? ఇలాగేనా? బావా? జవాబు చెప్పు మరి. అవునా కాదా?"

"అట్టముక్కా?"

"ఏదో ఒకటి."

"నాలుగు మడతలా?"

"మాటవరసకి అన్నాను. వకీళ్ళు అలా కల్పించే అడుగుతారు కదా."

"ఆ ఫైల్లో మేనేజరు రిపోర్టుంది. పైనుంచి మూడో కాగితం. తీసి చదువు."

"అదెందుకిప్పుడు?"

"చదవరా."

"'కుడివైపు బటను ఏదో వస్తువుతో ఇరికించి ఉన్నట్టు అనుమానం. సదరు వస్తువు దొరకలేదు.'"

"దొరకలేదు. అదేంటో రాసినవాడికి తెలీదు. వాళ్ళ వకీలుకి తెలీదు. నాకు తెలీదు. రెండేళ్ళుగా అదే ఆలోచిస్తున్నాను, చెక్కా, అగ్గిపెట్టా, ఇనపముక్కా అని. నీకు మడతలతో సహా తెలుసు."

"అందరూ అట్టే పెడతారు కదా బావా."

"నేను చెక్కముక్క పెడతాను. పొద్దుటి షిఫ్టువాళ్ళు అగ్గిపెట్టె పెడతారు. అట్ట మడిచి పెట్టేది నువ్వొక్కడివే. చెక్క పెడితే బటను మీద గీతలు పడతాయని. శుభ్రంగా పనిచేస్తాడని నేనే నిన్ను పదిమందిలో మెచ్చుకున్నాను."

"అక్కా, కాసిని మంచినీళ్ళివ్వవా."

"అక్కని పిలవకు. ఇటు చూడు. నన్ను చూడు."

"చూస్తున్నాను."

"అబద్ధం చెప్పాలనుకుంటే చెప్పు. రేపు ఎలాగూ వినాలి, ఇవాళ్టి నుంచే అలవాటు చేసుకుంటాను."

"రెండు నిమిషాల పని బావా."

"ఏం పని?"

"మా పాపకి పుస్తకం. కోసి పారేసిన కాగితం ముక్కలు పోగేసి కుట్టాను, బొమ్మలు వేసుకుంటుందని. మూడువైపులా అంచు కోస్తే అయిపోతుంది. నువ్వు ఆఫీసుకి వెళ్ళావు. మిషను ఖాళీగా ఉంది. పుస్తకం చిన్నది కదా, ఒక చేత్తో పట్టుకోకపోతే జరిగిపోతుంది. అందుకని అట్ట పెట్టాను. అక్కడే ఉన్నాను కదా, రెండు నిమిషాలే కదా అని గుడ్డ కట్టలేదు."

"తర్వాత?"

"మెట్ల మీద మేనేజరు గొంతు వినపడింది. సొంతపనికి మిషను వాడితే ఏం చేస్తాడో నీకు తెలుసు. పుస్తకం చొక్కాలో దోపుకుని వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాను. ఆయన అటు వెళ్ళిపోగానే వచ్చి తీసేద్దామనుకున్నాను. ఈలోగా నువ్వు వచ్చేశావు."

"ఈలోగా నేను వచ్చేశాను."

"బావా..."

"పాప ఆస్పత్రికి ఒక పుస్తకం తెచ్చింది. మావయ్యా, నీ చెయ్యి వేశాను చూడు అంది. ఐదు వేళ్ళూ వేసింది. అదేనా?"

"అదే."

"నా మంచం మీద కూర్చుని చూపించింది. నువ్వు పక్కనే నిలబడ్డావు."

"నిలబడ్డాను."

"మరి ఆ అట్ట ఏమైంది? దొరకలేదని రాశాడేం?"

"నేను తీశాను."

"ఎప్పుడు?"

"నీ చేతికి గుడ్డ చుడుతున్నప్పుడు."

"అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది నువ్వే. కనపడ్డవాళ్ళందరికీ చెప్పాను, నా బావమరిది లేకపోతే నెత్తురంతా పోయి చచ్చేవాణ్ణని. ఒక చేత్తో గుడ్డ చుట్టావు, ఇంకో చేత్తో అట్ట తీసి జేబులో వేసుకున్నావు."

"చచ్చిపోతావేమోనని చాలా భయమేసింది బావా. ఒట్టు."

"నమ్ముతాను. ఆ భయంలో కూడా జేబు గుర్తుంది నీకు."

"తిట్టు. కొట్టు. నేనేమీ అనను."

"తిట్టడానికి మాట రావట్లేదు. ఆ రోజు కూడా ఇంతే. కత్తి పడ్డప్పుడు నొప్పి తెలీలేదు, చెయ్యి వెనక్కి తీసుకుని చూశాకే తెలిసింది. ఇదీ రెండేళ్ళ కిందటే తెగింది, నేనిప్పుడు చూస్తున్నాను. నన్ను మోసం చేశావురా. బటను మర్చిపోయావు చూడు, అది కాదు. మర్చిపోవడం మనిషి లక్షణం, నేనూ మర్చిపోయిన రోజులున్నాయి. రెండేళ్ళు నా ఎదురుగా కూర్చుని, ఎవరై ఉంటారు బావా, ఎవరై ఉంటారు అని నాతో కలిసి తొమ్మిదిమందినీ ఒక్కొక్కళ్ళనే అనుమానించావు చూడు, అది. ఆ బైండింగ్ ముసలాయనతో నేను మాట్లాడ్డం మానేశాను. ఆయనే అయ్యుంటాడని నువ్వే అన్నావు."

"అన్నాను."

"ఏడాదిన్నర అయింది ఆయనతో మాట్లాడి. ఎదురుపడితే తల తిప్పుకుని పోతున్నాను."

"రేపు నేను వస్తాను బావా. వచ్చి చెప్తాను."

"జాబితా ఇచ్చేశాను. నీ పేరు నేనే కొట్టేశాను, నీ ఉద్యోగం కోసం."

"జడ్జిగారిని అడుగు. మంచాయన అన్నావుగా."

"అడుగుతాను. అడగాల్సిందే. కానీ ఇవాళ వస్తానంటావు, రేపు పదింటికి పోలీసులు పట్టుకెళ్తారేమోనని గేటు దగ్గరే ఆగిపోతావు. నిన్ను ఎలా నమ్మమంటావు? ఆస్పత్రిలో పదహారు రోజులున్నాను. ఒక్కరోజు, ఒక్క పూట, పక్కన కూర్చుని చెప్పుంటే సరిపోయేది. యజమానిని పట్టుకునేవాళ్ళం, నిన్నెవడడిగాడు. ఆ రోజే ఎందుకు చెప్పలేదురా?"

"చెప్పాను."

"ఎవరికి? మేనేజరుకా?"

"ఆ సాయంత్రమే చెప్పాను బావా. నిన్ను ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారు. బయట బెంచీ మీద ఇద్దరమే ఉన్నాం. ఏడ్చుకుంటూ చెప్పేశాను. ఇంకెవరికీ చెప్పకు, నేను చూసుకుంటాను అంది."

"అంది. ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగిపోయి ఎంతసేపైందిరా?"

"ఇక్కడే ఉన్నాను. గుమ్మంలో ఉన్నాను. విన్నాను."

"లోపలికి రా."

"చెప్పేశావా తమ్ముడూ. ఒక్కరోజు ఓపిక పట్టలేకపోయావా."

"జారిపోయిందక్కా. గట్టిగా అడుగు, గట్టిగా అడుగు అన్నాడు."

"వాణ్ణి కాదు, నాతో మాట్లాడు. నీకు తెలుసా?"

"తెలుసు."

"మొదటిరోజు నుంచీ."

"మొదటిరోజు నుంచీ. వాడు చెప్తుంటే మీ నెత్తురు ఇంకా వాడి చొక్కా మీదే ఉంది."

"అన్నం కలిపి పెట్టావు నాకు. తల దువ్వావు. గుండీలు కుట్టావు."

"అవన్నీ నిజమేనండీ. అవి నటన కాదు."

"నటనైతే బాగుండేది. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు ఊరుకోరు. మీ మీద పడ్డ మాట తుడిచేసుకోవడానికి వీడి పేరు చెప్తారు. చెప్పాలి కూడా. నేను మీ చోట ఉన్నా చెప్తాను. వీడికి పాలసీసా పట్టింది నేనండీ. నాకు తొమ్మిదేళ్ళు అప్పుడు. ఉద్యోగం పోయి, పోలీసుల చుట్టూ తిరుగుతూ, పాపని పెట్టుకుని... నా వల్ల కాలేదు."

"నేను రేపు బోనులో నిలబడి నాకు తెలీదండీ, నాకు తెలీదండీ అని పదిమంది ముందు నవ్వులపాలవుతుంటే, నువ్వు వెనక బల్ల మీద కూర్చుని చూసేదానివి."

"చూసేదాన్ని."

"నీ వల్ల అయ్యేదా?"

"తెలీదు. అవుతుందనే అనుకున్నాను."

"ఆ వకీలు గాడు అమ్ముడుపోకుండా ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. తొమ్మిదిమందినీ బోనెక్కిస్తే వీడు అయిదు నిమిషాలు ఆగేవాడు కాదు. నా ముందే ఆగలేదు. ఏడాది కిందటే తేలిపోయేది. అందరికంటే ముందు నా గొంతు కోసింది వాడు."

"అక్కా. అది కూడా చెప్పెయ్యి."

"నువ్వు నోర్ముయ్."

"నడిరోడ్డు మీద ఆయన్ని బావ ఎన్ని మాటలన్నాడు. పాపం ఆయన... చెప్పెయ్యక్కా."

"ఏంటది? ఇంకా ఏముంది?"

"ఆయన అమ్ముడుపోలేదండీ."

"మరి?"

"ఆయన ఫైలు తిరగ్గొట్టలేదు. నేనే వెళ్ళాను. మీరు రాజీకి ఒప్పుకున్నారని, ఇంక వకీలు అక్కర్లేదని కాగితం రాసి, కింద మీ సంతకం నేనే పెట్టి, ఫైలు తీసుకొచ్చేశాను. ఆయన రెండుసార్లు అడిగారు, నిజంగా ఆయనే ఒప్పుకున్నారా అమ్మా అని. రెండుసార్లూ అవునన్నాను."

"నా సంతకం."

"మీదే."

"మీరే వాదించుకోండి, మీ కేసు మీకు తెలిసినంత ఎవరికి తెలుసు అన్నావు. ఆ మాటకే నేను మంచం దిగాను."

"అన్నాను."

"వీణ్ణి బోనెక్కిస్తాడని భయపడ్డావు, సరే. నాకు చెప్పుంటే నేనే ఆయన్ని బతిమాలేవాణ్ణి, వీడొక్కణ్ణి వదిలెయ్యమని. జాబితాలో పేరు నేనే కొట్టేసినవాణ్ణి. ఆయన్ని ఉండనిచ్చి వీడొక్కణ్ణి దాచొచ్చుగా. ఆయన్ని మొత్తానికే ఎందుకు పంపేశావు?"

"అడక్కండి."

"అడుగుతున్నాను. ఎందుకు పంపేశావు?"

"ఎవరో ఒకరని తేలితేనే గెలుపు అన్నారుగా ఆయన. ఆయనుంటే మీరు గెలుస్తారని భయమేసింది."